ఉచిత సభలు – ఉచిత వర్తనము

తెలుగున ‘ఉచితము’ అను మాటకు రెండర్థములున్నవి. వెల లేక లభించునది ఉచితము. తగినది, యుక్తమైనది ఉచితము. సంస్కృతమునందలి అర్థము రెండవది. మొదటిది మన వాడుకలో స్థిరపడినది. నేడు సంగీతసభలకు పోవువారిలో పెక్కురు మొదటి అర్థమును మాత్రమే జ్ఞాపకముంచుకొని, రెండవదానిని ఇంటివద్ద విడిచి వచ్చుచున్నట్లు కనబడుచున్నది. టిక్కెట్టు లేని సభలో ఎట్లు కూర్చుండవలెను, ఎప్పుడు లేవవలెను, మెచ్చుకోలును ఏ విధముగ తెలుపవలెను అను ప్రశ్నలు చిన్నవిగా తోచవచ్చును. కాని ఈ చిన్న సంగతులపై ఒక పెద్ద సంగతి ఆధారపడియున్నది. చేత డబ్బు లేనివానికి, ఒక విద్వాంసుని ఎదుట కూర్చుండి అతని గానమును ప్రత్యక్షముగ వినుటకు గల అవకాశము ముందు నిలుచునా, నిలువదా అనునదే ఆ సంగతి.

తెలుగునాట ఇట్టి అవకాశములకు నేటికిని కొదువ లేదు. శ్రీరామనవమి పందిళ్లు, శరన్నవరాత్రులలో దేవాలయ మండపములు, పుష్య బహుళ పంచమినాడు జరుగు త్యాగరాజ ఆరాధనలు, పట్టణములలోని గానసభల కార్యక్రమములు—వీనిలో చాల భాగమునకు వాకిట టిక్కెట్టు అడుగువారుండరు. చెన్నపట్టణమున డిసెంబరు మాసపు సంగీతోత్సవములందు సాయంకాలపు కచేరీలకు రుసుము తీసికొను సభలు సైతము, పగటివేళ యువ విద్వాంసుల కచేరీలను పెక్కింటిని ఉచితముగనే ఏర్పాటు చేయుచున్నవి. నేడు యంత్రములద్వారా వినదగిన సంగీతమునకు మితము లేదు. అయినను గాయకుని ముఖమును, మృదంగ విద్వాంసుని వ్రేళ్లను చూచుచు, నూరుగురు మనుష్యుల నడుమ కూర్చుండి వినుట వేరొక విద్య. ఆ విద్యకు ఈ ఉచిత సభలే బడులు.

వినువాడు చెల్లింపనంత మాత్రమున ఎవరును చెల్లింపలేదని తలచుట పొరపాటు. వేదికపై రెండు గంటలు వినిపించు పాట వెనుక పదియేండ్లో, ఇరువదియేండ్లో సాధన కలదు. వయొలిను, మృదంగము, ఘటము వాయించువారు దూరప్రాంతములనుండి వాద్యములను జాగ్రత్తగ మోసికొని వత్తురు. పందిరి, దీపములు, మైకు, జంపఖానాలు సమకూర్చుటకు ఎవరో ఇంటింటికి తిరిగి చందాలు పోగుచేయుదురు. కొన్ని సభలలో కళాకారునకు ముట్టునది ప్రయాణపు ఖర్చులకైనను చాలదు. కావున ఉచిత సభ యనగా వెల లేని సభ కాదు. వెలను ఇతరులు చెల్లించిన సభ.

ఈ సత్యమునకు తిరువయ్యారు గొప్ప నిదర్శనము. త్యాగరాజస్వామి 1847లో అచ్చట కావేరి యొడ్డున సిద్ధిపొందెను. తరువాతి కాలమున జీర్ణించియున్న ఆ సమాధిస్థలమును ఉద్ధరించి, ఆలయమును నిర్మింపజేసినది బెంగుళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని కావ్యమగు రాధికాసాంత్వనమును 1910లో ప్రకటించిన ఆ విదుషీమణి, తన నగలను, ఆస్తిని ఈ పనికై వెచ్చించినది. ఆరాధనలో స్త్రీలు పాడుటకు వీలులేని దినములలో ఆ నిషేధమునకు ఎదురు నిలిచి, వారికి చోటు కల్పించినది. 1952లో ఆమె కన్నుమూసెను. నేటికిని ఆ ఆరాధనలో పేరుమోసిన విద్వాంసులును, పేరు తెలియని పిల్లలును పారితోషికము లేకయే పాడుదురు. జనులు టిక్కెట్టు లేకయే విందురు. ఘనరాగములైన నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పంచరత్న కీర్తనలను వందలమంది ఒక్క కంఠమై పాడుచుండగా ఆ పందిరిలో కూర్చున్న వానికి తాను ఏమియు ఈయలేదను సంగతి జ్ఞాపకము వచ్చిన చాలును. లేచి పోవుటకు కాళ్లాడవు.

ఇక మన సభలలో జరుగునదేమి? కచేరీ ఆరంభమైన అరగంటకు వచ్చి, ఆలాపన నడుచుచుండగా ముందు వరుసకు నడచువారు కలరు. కుర్చీలను ఈడ్చు చప్పుడు తంబురా శ్రుతిని మింగివేయును. బంధువులు కనబడినచో కుశల ప్రశ్నలు, పెండ్లి సంబంధములు, బదిలీల వార్తలు అచ్చటనే ముగియవలెను. సెల్‌ఫోను మ్రోగుట ఒక యెత్తు. మ్రోగినదానిని ఎత్తి “కచేరీలో ఉన్నాను” అని బిగ్గరగా చెప్పుట మరియొక యెత్తు. ఫోనును తలపైకెత్తి చిత్రము తీయువాడు వెనుక కూర్చున్న పదిమందికి తెర కట్టినవాడగుచున్నాడు. తాళము వేయు ఉత్సాహములో తొడపై దభీమని చరచుచు, ప్రక్కవానికి లయ తప్పించువారును లేకపోలేదు. ఇవియన్నియు దుష్టబుద్ధితో జరుగునవి కావు. “ఊరకయే గదా వచ్చినాము, ఊరకయే పోవుదము” అను భావమునుండి పుట్టుచున్నవి.

ప్రేక్షకుల నడవడిని గూర్చి విచారించుట నేటి నాగరకుల కల్పన కాదు. భరతముని నాట్యశాస్త్రమున 27వ అధ్యాయమును ఈ విషయమునకే కేటాయించినాడు. ప్రయోగము ఫలించుటకు ‘సిద్ధి’ యని పేరుపెట్టి, అది మానుషి, దైవికి అని రెండు విధములని చెప్పినాడు. చిరునవ్వు, నవ్వు, ‘సాధు’, ‘అహో’ అను మాటలు, గగుర్పాటు, ఆసనమునుండి లేచుట, వస్త్రములను, ఉంగరములను బహూకరించుట—ఇవి మానుషి సిద్ధికి చిహ్నములు. ఇవియన్నియు ఆదరింపదగినవే. అయితే వీనికంటె పైమెట్టున అతడు నిలిపినది దైవికి సిద్ధిని. రంగశాల నిండియుండియు శబ్దము లేక, క్షోభ లేక, ఏ యుత్పాతము లేక ఉండుట దాని లక్షణములలో ఒకటి. నిండిన సభలోని నిశ్శబ్దమును ఆ మహర్షి దేవతల మెప్పుగా భావించినాడన్నమాట.

అదే అధ్యాయమున ‘ఘాతము’లను, అనగా ప్రయోగమునకు కలుగు విఘ్నములను లెక్కించినాడు. గాలి, అగ్ని, వాన మొదలగునవి దైవికములు. అసూయ, ద్వేషము, పక్షపాతము వలన పుట్టునవి పరుల వలన కలుగునవి. మితిమీరిన నవ్వు, అరపులు, పేడ విసరుట, మట్టిగడ్డలు రువ్వుట, చీమలను వదలుట సైతము ఈ పట్టికలో చేరినవి! నేటి సభలలో చీమలను వదలువారు లేరు. అంతవరకు అభివృద్ధి చెందితిమని సంతసింపవచ్చును. కాని గాయకుని మనస్సులో చీమవలె ప్రాకు చప్పుళ్లను మాత్రము మానలేకున్నాము.

మెచ్చుకోలునకు కాలమును, స్థానమును తెలియవలెను. నేటి కర్ణాటక కచేరీ నడక అరియక్కుడి రామానుజయ్యంగారు (1890–1967) తీర్చిదిద్దినదని ప్రసిద్ధి. వర్ణముతో ఆరంభము, కొన్ని కృతులు, నడుమ ఒక రాగమును విస్తరించి ఆలాపన, కృతి, నెరవు, స్వరకల్పన, ఆపై తని ఆవర్తనము, పిమ్మట పదములు, జావళులు, భజనల వంటి తేలిక రచనలు, తుదకు మంగళము. ఈ క్రమమును తెలిసికొన్నవానికి ఎప్పుడు కరతాళధ్వని చేయవలెనో మరియొకరు చెప్పనక్కరలేదు. గాయకుడు ఆలాపన ముగించిన వెంటనే చప్పట్లు సాగుచునే యుండినచో, వయొలిను విద్వాంసుని మొదటి సంచారము ఎవరికిని వినబడదు. చిన్న చప్పట్లతో సరిపుచ్చి అతనికి త్రోవ విడువవలెను. అతడు ముగించినప్పుడు అంతే ప్రీతితో మెచ్చవలెను. స్వరకల్పన నడుమ ఒక చక్కని పోకడ తోచినచో తల యూపుట చాలును. మెల్లగ ‘భేష్’ అనుట చాలును. ఆ చిన్న సైగ వేదికపైవారికి కనబడును. దానికై వారు చూచుచుందురు కూడ.

తని ఆవర్తనమును గూర్చి విశేషముగ చెప్పవలసియున్నది. గాత్రము ఆగి మృదంగము ఒంటరిగా మొదలిడగానే సభలో సగము లేచి కాఫీకి బయలుదేరుట ఒక ఆచారమైనది. ఆ పది పదునైదు నిమిషములకై లయ విద్వాంసుడు సాయంకాలమంతయు ఇతరులకు పక్కబలముగ నిలిచి, తనకు తానై ఏమియు చెప్పుకొనక ఊరకుండెను. తన వంతు వచ్చునప్పటికి అతనికి కనబడునది జనుల వీపులు. ఆ సమయమున వెళ్లిపోవువారు కోల్పోవునది తక్కువ కాదు. తాళమును మనస్సులో నిలుపుకొని కూర్చున్నచో, మృదంగము ఒక గతిని చూపుట, ఘటమో, కంజిరయో దానికి బదులు చెప్పుట, ఆవర్తముల వంతులు క్రమముగ కురచయగుట, తుదకు వాద్యములన్నియు కలసి ఒక ముక్తాయింపును మూడు మారులు పలికి, గాయకుడు పల్లవి నెత్తుకొను చోటికి సరిగా వచ్చి చేరుట తెలియును. ఎనిమిది అక్షరముల ఆదితాళమును చేతిపై చప్పుడు లేక లెక్కించు బాలుడు ఆ చేరికను కనుగొన్నప్పుడు పొందు సంతోషము ఇంతింత యనరానిది. లెక్కల ఉపాధ్యాయుడు ఇంతకంటె మంచి పాఠమును కోరనక్కరలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. ఉచిత సభలు సామాన్యుల కొరకు గదా, ఇన్ని కట్టుబాట్లు పెట్టినచో వారు బెదరి పారిపోరా యని. ఆక్షేపణ యుక్తమైనదే. హరికథలో ప్రేక్షకుడు గోవిందనామమును పలుకనిదే కథ సాగదు. భజనలో గొంతు కలుపనివాడు ఉండియు లేనివాడే. ఆయా కళలు జనుల కోలాహలమును తమలో కలుపుకొనినవి. కచేరీ మార్గము వేరు. దాని ప్రాణము శ్రుతిసూక్ష్మములలో నున్నది. రాగము పేరు తెలియనంత మాత్రమున ఎవరును చిన్నబుచ్చుకొననక్కరలేదు. పేరు తెలియక నిశ్శబ్దముగ విను రైతు, పేరును ప్రక్కవాని చెవిలో ఊదుచు కూర్చున్న పండితునికంటె మంచి శ్రోత. ఏడ్చు పసిబిడ్డను ఎత్తుకొని బయటికి పోవు తల్లిని కోపముగ చూడరాదు. ఆమెయే మర్యాదను పాటించినది. వెళ్లవలసినవారు కీర్తన ముగిసినప్పుడు వెళ్లవచ్చును. ఇందులో పండితులకు మాత్రమే సాధ్యమైనది ఏదియు లేదు.

తప్పంతయు శ్రోతలపై మోపుటయు న్యాయము కాదు. కచేరీ నడుమ ఆపి, నలుగురు పెద్దలను వేదికపైకి పిలిచి, దండలు, దుశ్శాలువలు, ఉపన్యాసములతో అరగంట గడుపు నిర్వాహకులు, శ్రోతలు కదలకుండవలెనని ఎట్లు కోరగలరు? సన్మానము ఆరంభమునగాని, అంతమునగాని జరుగవలెను. పలుకులు కొలదిగ నుండవలెను. పక్కవాద్యములవారి పేర్లను తప్పు లేక చదువవలెను. కార్యక్రమపు కాగితముపై కీర్తనల పేర్లు, రాగతాళములు అచ్చువేయించినచో క్రొత్తవారికి ఎంతయో మేలగును.

ఈ మర్యాదను నేర్పుటకు పాఠశాలకు మించిన స్థలము లేదు. ఊరిలో ఆరాధన జరుగుచున్నదని తెలిసినప్పుడు ఉపాధ్యాయుడు ముందటి దినమున ఒక అరగంట వెచ్చించి, త్యాగరాజు ఎవరో, ఆయన తెలుగున రచించిన కీర్తనకు పల్లవి, అనుపల్లవి, చరణము అను భాగములెట్లుండునో, తాళమును ఎట్లు వేయుదురో చెప్పవచ్చును. మరునాడు పదిమంది పిల్లలను వెంటబెట్టుకొని పోయి, గంటసేపు మాత్రమే కూర్చుండబెట్టి, ఒక కీర్తన చివర మర్యాదగ లేపి తీసికొని రావచ్చును. పిమ్మట ఎవరికి ఏది నచ్చినదో తరగతిలో చెప్పించవచ్చును. మూడు గంటలు బలవంతముగ కూర్చుండబెట్టిన బాలుడు సంగీతమును ద్వేషించును. ఇష్టముతో ఒక గంట విన్నవాడు మరల వచ్చును.

కృతజ్ఞతను తెలుపుటకు పెద్ద ధనము అక్కరలేదు. హుండీయో, పళ్లెమో ఉన్నచోట శక్తికొలది ఒక నాణెము వేయుట. కచేరీ ముగిసిన పిమ్మట కుర్చీలు సర్దుటకు చేయి సాచుట. మంగళము వరకు నిలిచియుండుట. విద్వాంసుని సమీపించి, “బాగున్నది” అని ఊరకొనక, ఏ కీర్తన, ఏ పోకడ మనస్సును తాకినదో ఒక్క మాటలో చెప్పుట—ఇవి చాలును. పక్కవాద్యముల వారితోను ఆ మాట చెప్పవలెను. పేరెన్నిక గన్నవారికి ఇవి వందలలో ఒకటి కావచ్చును. మొదటిసారి వేదికయెక్కిన బాలికకు అది ఏడాది సాధనకు చాలిన బలము.

ఇట్టి మాట యొకటి ఎంత దూరము పోగలదో తెలుగువారికి తెలిసినదే. మురళీకృష్ణ యను బాలుడు ఎనిమిదేండ్ల ప్రాయమున బెజవాడలో త్యాగరాజ ఆరాధన వేదికపై కచేరీ చేసెను. వినిన హరికథా విద్వాంసుడొకరు ముగ్ధుడై ఆ పేరునకు ముందు ‘బాల’ శబ్దమును చేర్చినాడు. 1930లో జన్మించి 2016లో పరమపదించిన ఆ మహాగాయకుడు జీవితాంతము మంగళంపల్లి బాలమురళీకృష్ణగనే ప్రసిద్ధుడైనాడు. ఒక ఆరాధన సభలో ఒక శ్రోత ఇచ్చిన మెచ్చుకోలు డెబ్బదియేండ్లకు పైగా నిలిచినది. దానికి ఆ శ్రోత వెచ్చించినది శ్రద్ధతో కూడిన వినికిడి, ఒక్క రెండక్షరముల మాట.

శ్రద్ధ లేని సభలలో ఇట్టివి జరుగవు. చప్పుళ్ల నడుమ పాడి విసిగిన విద్వాంసులు ఉచిత సభలకు రావడము మానుదురు. ఖాళీ కుర్చీలను, ఫోను వెలుగులను చూచి దాతలు చేయి వెనుకకు తీయుదురు. చివరకు సంగీతము టిక్కెట్టు కొనగలవారి గదులలోనికి చేరును. అప్పుడు నష్టపోవునది ధనవంతుడు కాదు. సైకిలుపై వచ్చి పందిరి గుంజవద్ద నిలుచుండి విను విద్యార్థి. అతని చోటును కాపాడుట కొరకైనను, ‘ఉచితము’ అను మాటకు గల రెండవ అర్థమును మన సభలలోనికి మరల తీసికొని రావలసియున్నది.