సోల్ జాజ్ వినండి, డప్పు దాచకండి



అమీర్‌పేటలో ఇంటర్వ్యూలకు తయారుచేసేవాళ్లలో కొందరు ఒక చిట్కా చెప్తుంటారు. హెచ్.ఆర్. రౌండులో నీ హాబీ ఏమిటని అడిగితే డప్పు కొడతానని చెప్పొద్దు, వెస్టర్న్ మ్యూజిక్ వింటానని చెప్పు. వీలైతే జాజ్ అను. అడిగినాయనకూ పెద్దగా తెలియదు కాబట్టి ఇంకో ప్రశ్న రాదు. ఈ చిట్కా చెవిన పడ్డ మన హాస్టల్ పిల్లలు చాలామందే ఉంటారు. ఇందులో తమాషా ఏమిటంటే, జాజ్‌లో నేను ఎక్కువగా వినే సోల్ జాజ్ అనే శాఖ సరిగ్గా దీనికి ఎదురు దారిలో పుట్టింది. బాగా చదువుకున్న నల్లవాళ్లు తమ వీధినీ, తమ చర్చినీ, తమ వంటనూ దాచుకోవడం మానేసినప్పుడు వచ్చిన సంగీతం అది. అందుకే ఈ సంచికకు ఏ కంప్యూటర్ కోర్సు మంచిదో రాయమని అడిగినా, నేను దీని గురించే రాస్తానన్నాను. కోర్సుల గురించి చెప్పేవాళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు.

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా జాజ్ ఎక్కడ వినపడుతుందో గమనించండి. పెద్ద హోటల్ లాబీలో, లిఫ్టులో, ఖరీదైన కాఫీ దుకాణంలో. ఎవరూ వినరు. గోడకు వేసిన రంగులాగా అలా ఉంటుంది. అది విని మనవాళ్లు, జాజ్ అంటే డబ్బున్నవాళ్ల సంగీతమని అనుకుంటారు. కానీ పోయిన శతాబ్దం మొదట్లో న్యూ ఆర్లీన్స్ నల్లవాడల్లో పుట్టింది ఇది. 1940ల నాటికి న్యూయార్క్ కుర్రవాళ్లు దాన్ని బాగా వేగంగా, బాగా కష్టంగా మార్చారు. గొప్ప విద్యే, కాదనను. కానీ పొద్దంతా ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు దానికి కాలు కదపలేకపోయాడు. 1950ల మధ్యలో కొందరు ఆ విద్యను వదలకుండానే ఇంటి దారి పట్టారు. వాళ్లలో ముందు నిలిచినవాడు పియానో వాయించే హోరేస్ సిల్వర్.

1955లో సిల్వర్ 'ది ప్రీచర్' అనే పాట కట్టాడు. ప్రీచర్ అంటే పాస్టరు. బ్లూ నోట్ రికార్డు కంపెనీ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్‌కు అది నచ్చలేదు. మరీ పాతకాలపు బాణీలా ఉంది, వద్దన్నాడు. సిల్వర్ పట్టుబట్టి రికార్డు చేయించాడు. అది బాగా ఆడింది. లయన్ చెడ్డవాడేం కాదు, జర్మనీ నుంచి వచ్చిన యూదుడు, జాజ్‌ను ప్రాణంగా చూసుకున్న మనిషి. అయినా చర్చి బాణీ పక్కన జాజ్ అనే పెద్ద పేరు పెట్టడానికి ఆయనకు కూడా మనసు ఒప్పలేదు.

సిల్వర్ సంగీతానికి అంటుకున్న మాట 'ఫంక్'. 1953లోనే ఒక పాటకు 'ఓపస్ డి ఫంక్' అని పేరు పెట్టాడు. నల్లవాళ్ల వాడుకలో ఫంక్ అంటే ఒంటి వాసన, చెమట కంపు. మనిషిని తిట్టే మాట. ఆ మాటనే తీసుకుని, ఈ పాటలో ఫంక్ ఉంది అంటే ఇందులో ప్రాణం ఉంది అని అర్థం వచ్చేలా చేశారు. నేను ఈ సంగతి మొదట చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది 1994లో మొదలైన దండోరా ఉద్యమం. అప్పటిదాకా నలుగురిలో పలకడానికి జంకిన కులం పేరును మనవాళ్లు సొంత పేరు చివర చేర్చుకున్నారు. తిట్టుగా వాడినవాళ్లే దాన్ని సభల్లో మర్యాదగా పలకాల్సి వచ్చింది. ఈ రెండూ ఒకటేనని చెప్పను. దేశాలు వేరు, బాధలు వేరు. కానీ పని జరిగిన తీరు ఒకటే.

వాసన సంగతి ఊరికే ఎత్తలేదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఘాటైన వాసన వచ్చే తిండి తేవద్దని భోజనాల గదిలో కాగితం అంటించారు. ఎవరి డబ్బా గురించో పేరు రాయలేదు. రాయాల్సిన పని కూడా లేదు. ఎండుచేపల కూర తెచ్చుకునే మా స్నేహితుడు ఆ మర్నాటి నుంచి మెట్ల మీద కూర్చుని తిన్నాడు, కొన్నాళ్లకు డబ్బా తేవడమే మానేశాడు. ఇప్పుడు అదే మాదాపూర్‌లో తెలంగాణ రుచులని బోర్డు పెట్టి బోటి ఫ్రై మంచి రేటుకు అమ్ముతున్నారు. ప్లేటులో కొత్తిమీర చల్లితే వాసన పోతుంది కాబోలు.

బోటి అన్నాను కాబట్టి ఇది కూడా వినండి. తెల్లవాళ్ల హోటళ్లలోకి, హాళ్లలోకి నల్లవాళ్లను రానివ్వని రోజుల్లో, నల్ల కళాకారులు తమవాళ్ల బార్లలో, హాళ్లలో తిరిగి వాయించేవారు. ఆ దారికి 'చిట్లిన్ సర్క్యూట్' అని పేరు. చిట్లిన్ అంటే పంది పేగులు. బానిసత్వంలో మంచి మాంసం దొరకు పోగా బానిసకు మిగిలిన తిండి. సోల్ జాజ్ పెరిగింది ఆ దారిలోనే. ఆర్గన్ వాయించే జిమ్మీ స్మిత్ రికార్డుల పేర్లు చూడండి. ఒకటి 'హోమ్ కుకిన్', అంటే ఇంటి వంట. ఇంకొకటి 'ది సెర్మన్', అంటే చర్చి ప్రసంగం. మరొకటి 'బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్', కోడికూర దొరికే గుడిసె. ఈ చివరిది 1960లో రికార్డు చేసి 1963లో విడుదల చేశారు. అట్ట మీద స్మిత్ పక్కన ఒక కుక్క, ఒక కోడిపుంజు ఉంటాయి. ఆ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు ఇది మా ఊరి ఫోటో కాదు కదా అనుకున్నాను.

ఆ ఆర్గన్ కథ కూడా చెప్పుకోవాలి. హామండ్ ఆర్గన్ 1935లో అమ్మకానికి వచ్చింది. పెద్ద పెద్ద గొట్టాలతో కట్టే ఆర్గన్ కొనలేని చర్చిలు దీన్ని కొనుక్కున్నాయి. లోపల చిన్న ఇనుప చక్రాలు అయస్కాంతాల పక్కన తిరుగుతుంటే కరెంటులో స్వరం పుడుతుంది. పక్కన ఉండే లెస్లీ స్పీకరులో కొమ్ము గిరగిర తిరిగి ఆ స్వరాన్ని వణికిస్తుంది, ఏడుస్తూ పాడే మనిషి గొంతులాగా. వాయించే ముందు ఒక స్విచ్చును కొన్ని క్షణాలు పట్టుకుని ఉంటేగాని మోటారు అందుకోదు. మన డప్పును మంట మీద కాచినట్టే. బి-3 అనే రకం దాదాపు 190 కిలోల బరువు. దాన్ని ఊరూరా తిప్పడానికి శవాలు మోసే బండ్లు కొనుక్కున్న ఆర్గన్ కళాకారులు ఉన్నారు. స్మిత్ మొదట పియానో వాయించేవాడు. ఆర్గన్ కొని, ఫిలడెల్ఫియాలో ఒక గోదాములో పెట్టుకుని సాధన చేశాడు. 1956లో బ్లూ నోట్‌లో చేరాడు. మంద్ర స్వరాలు ఎడమ చేత్తో, కాళ్లతో వాయించేస్తాడు కాబట్టి వేరే బేస్ వాయిద్యగాడు అక్కర్లేదు. ముగ్గురుంటే కచేరీ అయిపోతుంది. చిన్న బారు యజమాని ఇవ్వగలిగే డబ్బుకు సరిపోయే కొలత అది. సంగీతం ఎలా ఉండాలో చాలాసార్లు జేబే నిర్ణయిస్తుంది. దానికి సిగ్గుపడాల్సింది లేదు.

ఇక చర్చి సంగతి. ఆర్ట్ బ్లేకీ బృందం 1958లో రికార్డు చేసిన 'మోనిన్' వినండి. కట్టినవాడు పియానో కళాకారుడు బాబీ టిమన్స్. ఆయన పెరిగింది పాస్టరైన తాతగారి ఇంట్లో. మొదట పియానో ఒక మాట అంటుంది. వెంటనే ట్రంపెట్, శాక్సఫోన్ కలిసి రెండే రెండు స్వరాలతో జవాబిస్తాయి. మళ్లీ పియానో, మళ్లీ జవాబు. మా ఆఫీసులో రాత్రి షిఫ్టు అయిపోయే వేళకు ఊడ్చడానికి ఒక అక్క వచ్చేది. పని చేస్తూ సన్నగా కీర్తనలు పాడుకునేది. ఒకరోజు ఇయర్‌ఫోను ఇచ్చి ఈ పాట వినిపించాను. అర నిమిషం విని, "ఇది మా చర్చిల ఆమెన్ లెక్కనే ఉన్నది కదా సారూ" అన్నది. జాజ్ పుస్తకాలు రాసినవాళ్లు ఒక పేజీలో చెప్పే మాట అది. నన్ను సారూ అనొద్దు, తమ్మీ అనమని చెప్పాను. వినలేదు.

ఆమెకు అంత త్వరగా ఎలా పట్టుబడింది? పాస్టరు ఒక మాట అనడం, జనం అందుకోవడం మన పల్లె ప్రార్థనల్లో ఉన్నదే. 1924లో ప్రారంభమైన మెదక్ చర్చి కరువు రోజుల్లో తిండి కోసం రాళ్లు మోసిన కూలీల కష్టం మీద లేచింది. క్రైస్తవులు కానివాళ్లకు కూడా ఈ పద్ధతి కొత్త కాదు. బండ లేపేటప్పుడు ఒకడు ముందు అంటాడు, పదిమంది ఐలేసా అంటారు.

ఆ బండల దగ్గరే నాట్ ఆడర్లీ గుర్తొస్తాడు. ఆయన తల్లిదండ్రులు ఫ్లోరిడాలో ఉపాధ్యాయులు. అన్న కానన్‌బాల్ ఆడర్లీ కూడా 1955లో న్యూయార్క్ రాకముందు బడిలో సంగీతం నేర్పినవాడే. అంటే చదువుకున్న కుటుంబం. నాట్ చిన్నప్పుడు ఇంటి ముందు సంకెళ్లు వేసిన ఖైదీలు రోడ్డు వేస్తూ పాడుతుంటే విన్నాడు. 1960లో ఆ జ్ఞాపకంతో 'వర్క్ సాంగ్' కట్టాడు. సుత్తి దెబ్బ పడే చోట తాళం పడుతుంది. చదువుకున్న ఇంటి పిల్లవాడు గొలుసుల్లో ఉన్నవాళ్ల పాటను తన పెద్ద చదువులోకి తెచ్చుకున్నాడు, కిటికీ మూసుకోలేదు. నేను రాయదుర్గం మెట్రో దిగి నడిచేటప్పుడు ఈ పాట వింటాను. 1998 నవంబర్ 22న ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారని అందరికీ తెలుసు. ఈ రాళ్ల గుట్టలను పగలగొట్టి, పునాదులు తవ్వి, ఈ రోడ్లు వేసిన పాలమూరు కూలీలు, వడ్డెరలు ఏం పాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. మీలో పాలమూరు పిల్లలున్నారు. ఇంట్లో తాతను, నాయనమ్మను అడిగి రాసుకోండి. ఇది మాత్రం ఈ సంవత్సరమే చెయ్యండి.

సోల్ జాజ్ మీద రెండు ఆక్షేపణలున్నాయి. ఒకటి, ఇది అమ్ముకోవడానికి తేలిక చేసిన సంగీతమని. నిజమే, జ్యూక్‌బాక్సులో నాణెం వేస్తే మోగడానికి చిన్న రికార్డులుగా, ఒకే పాటను రెండు వైపులా రెండు ముక్కలు చేసి అమ్మారు. ఒకటి ఆడితే అలాంటివే పది తీశారు, వాటిలో చప్పగా ఉన్నవీ ఉన్నాయి. కానీ 1967లో కానన్‌బాల్ బృందం 'మెర్సీ, మెర్సీ, మెర్సీ' మామూలు పాటల జాబితాలో 11వ స్థానం దాకా పోయిందంటే, జనం కొన్నారు కాబట్టి పోయింది. జనం కొన్నదంతా తక్కువదైతే మన జాతర పాటలన్నీ తక్కువవే కావాలి. ఆ పాట కట్టిన జో జావినుల్ వియన్నాలో పుట్టిన తెల్లవాడన్నది ఇంకో విశేషం. నేర్చుకోవడానికి వచ్చి వాళ్ల మధ్యనే ఉన్నాడు, వాళ్ల బాణీలో రాశాడు. అడగకుండా తీసుకున్నవాళ్లూ ఉన్నారు. లీ మోర్గాన్ 1964 రికార్డు 'ది సైడ్‌వైండర్' పాటను ఒక కార్ల కంపెనీ అనుమతి లేకుండానే ప్రకటనలో వాడుకుంది. మన పల్లె బాణీలు పేరు లేకుండా సినిమాల్లోకి పోవడం చూసినవాళ్లకు ఇది వింతగా ఉండదు.

రెండో ఆక్షేపణ మన మిత్రులదే. అమెరికా సంగీతం మనకెందుకు, ఇదంతా అనుకరణ కాదా అని. బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లో అమెరికాలోని నల్లజాతి మేధావి డ్యుబోయ్‌కి ఉత్తరం రాశారు. వాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న అర్జీ ప్రతి కావాలని అడిగారు. 1972లో బొంబాయి యువకులు బ్లాక్ పాంథర్స్‌ను చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఇవి అనుకరణలు కావు, చుట్టరికం కలుపుకోవడం. పాట వినడానికి ఇంతకంటే పెద్ద కారణం కావాలా?

అనుకరణ వేరే చోట ఉంది. జాజ్ పేరు చెప్పి డప్పును దాచడం అనుకరణ. కంపెనీ వార్షికోత్సవంలో వేదిక మీద డ్రమ్స్ పక్కన ఒక డప్పును నిలబెట్టి, దానికి ఫ్యూజన్ అని పేరు పెట్టి, కొట్టినతని పేరు మాత్రం చెప్పకపోవడం ఇంకా పెద్ద అనుకరణ. సిల్వర్ అట్లా చెయ్యలేదు. ఆయన ప్రసిద్ధ రికార్డు 'సాంగ్ ఫర్ మై ఫాదర్' అట్ట మీద ఉన్నది ఆయన ఫోటో కాదు, కేప్ వెర్డీ దీవుల నుంచి వచ్చిన వాళ్ల నాన్నది. టోపీ పెట్టుకుని, చుట్ట పట్టుకుని నవ్వుతుంటాడు. ఉద్యోగం వచ్చాక మనవాళ్లు ఫోన్లలో పెట్టుకునే ఫోటోల్లో నాన్న ఎంతమందికి కనిపిస్తాడో మీరే చూడండి.

వినాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇప్పుడు ఇవన్నీ ఫోన్లో దొరుకుతున్నాయి, డబ్బు ఖర్చు లేదు. మొదట 'మోనిన్', తర్వాత 'వర్క్ సాంగ్', ఆ తర్వాత 'చికెన్ షాక్'. 'ది సెర్మన్' ఇరవై నిమిషాల పాట, పరీక్షలయ్యాక వినండి. రాత్రి స్టడీ అవర్‌లో పెట్టి వార్డెన్ సారుతో తిట్లు తినొద్దు. ఏప్రిల్ 14న డప్పు కాచే మంట దగ్గర, డప్పులు బిగిసేలోపు ఒక పాట పెట్టి చూడండి. చిన్న తరగతుల పిల్లలు ఏ చోట చప్పట్లు అందుకున్నారో వచ్చే సంచికకు రాసి పంపండి.