కరెంటు కొనే ధర పెరిగితే భారం మోసేదెవరు?
చీపురుపల్లి సంఘం నేర్పిన లెక్క - బిల్లుల్లో పాత బాకీల కథ

చీపురుపల్లి (మా విలేఖరి): కరెంటు బిల్లు చేతికి రాగానే జనం చూసేది అడుగున వేసిన మొత్తాన్నే. అందులో ఈ నెల కాల్చిన కరెంటుకు ఎంత, రెండేళ్ళ కిందట కాల్చినదానికి ఇప్పుడు కట్టమంటున్నది ఎంత అని విడదీసి చూసేవారు తక్కువ. చూసినవారు మాత్రం ఒకటే అడుగుతున్నారు. "అప్పుడు బిల్లు కట్టేశాం, రశీదు ఉంది. మళ్ళీ బాకీ ఏమిటి?"

ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు కావాలంటే స్తంభాలూ తీగలూ కాదు, కరెంటును టోకున కొనే బేరం చూడాలి. ఈ బేరం సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. గ్రామస్తులే సభ్యులుగా ఏర్పడి, కరెంటు కొని, ఊరూరా పంచిన చీపురుపల్లి గ్రామీణ విద్యుత్ సహకార సంఘం మన మధ్యనే నడిచింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళం జిల్లాలోనిదే కనుక ఈ అనుభవం రెండు జిల్లాల ఉమ్మడి ఆస్తి.

సంఘాల పుట్టుక

1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన తరువాత, అమెరికా పల్లెల్లోని విద్యుత్ సహకార సంఘాల పద్ధతిని చూసి, దేశంలో మొదట అయిదు చోట్ల ప్రయోగం చేశారు. వాటిలో మన తెలుగు నేల మీదిది కరీంనగర్ వైపున్న సిరిసిల్ల. ఆ బాటలోనే చీపురుపల్లి, అనకాపల్లి, కుప్పం వంటి సంఘాలు వచ్చాయి. బోర్డు వారు పెద్ద లైను మీద కరెంటు ఇస్తారు. సంఘం దానిని టోకు ధరకు కొని ఇళ్ళకు, కొట్లకు, మిల్లులకు, మోటార్లకు చిల్లరగా అమ్ముతుంది. తేడాలోంచి జీతాలు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు గడవాలి.

వినడానికి కిరాణా కొట్టు వ్యాపారంలాగే ఉంటుంది. కాని కిరాణా షావుకారు పప్పు ధర పెరిగితే అమ్మే ధర మరునాడే పెంచుతాడు. సంఘానికి ఆ వీలు లేదు. అమ్మే ధర ప్రభుత్వమో, 1999 నుంచి విద్యుత్ నియంత్రణ మండలో నిర్ణయిస్తుంది. కొనే ధరా తన చేతిలో లేదు. నడుమ నలిగేది సంఘం.

ఊహకు ఒక చిన్న లెక్క వేసుకుందాం. సంఘం నూరు యూనిట్లు యూనిట్ రు. 4 చొప్పున కొన్నది. ఖర్చు రు. 400. తీగల్లో పది యూనిట్లు హరించుకుపోయాయి. మిగిలిన తొంభై యూనిట్లు సగటున రు. 5కు అమ్మితే వచ్చేది రు. 450. చేతిలో మిగిలేది యాభై రూపాయలు. జీతాలూ మరమ్మతులూ అన్నీ ఆ యాభైలోనే. ఇప్పుడు టోకు ధర అర్ధ రూపాయి పెరిగిందనుకోండి. కొనుగోలు ఖర్చు రు. 450 అవుతుంది. మిగిలేది సున్న. కొనే ధర ఎనిమిదో వంతు పెరిగినందుకు సంఘం పెట్టె మొత్తం ఖాళీ. దొంగతనం లేకపోయినా, లంచం లేకపోయినా, లైన్‌మన్ రాత్రింబవళ్ళు పని చేసినా ఇంతే. పాలకవర్గాల మీద ఆరోపణలు వచ్చినప్పుడు మనం తెగ వాదించుకుంటాం గాని, ఈ అర్ధ రూపాయి గురించి సర్వసభ్య సమావేశంలో అడిగేవారు ఎందరు?

నీడ ఉంది, నిల్వ లేదు

2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. రైతుకు మేలే జరిగింది. కాని మోటార్ల మీద సంఘానికి రాబడి పోయింది. ఆ లోటు సర్కారు సబ్సిడీ రూపంలోనో, సంఘానికి ఇచ్చే టోకు ధర తగ్గించడం ద్వారానో పూడాలి. నియంత్రణ మండలి ఒక్కొక్క సంఘం రాబడి, ఖర్చు చూసి, ఒక్కొక్కదానికి వేరు వేరుగా టోకు ధర కడుతూ వచ్చింది. సంఘం నష్టపోకుండా అది మంచి గొడుగే.

అయితే ఆ గొడుగు కింద ఒక చిక్కు ఉన్నది. ఖర్చుకు తగినట్టు ధర కడితే, పొదుపు చేసి మిగిల్చిన సంఘానికి వచ్చే ఏడు ధర పెరుగుతుంది. మిగల్చని సంఘానికి తగ్గుతుంది. ఇక చెడ్డ ఏటికని నాలుగు డబ్బులు దాచుకోవాలన్న తాపత్రయం ఎవరికుంటుంది? దాని బతుకు ఏటేటా వచ్చే ఒక కాగితం మీద ఆధారపడింది. చివరికి దెబ్బ కూడా కాగితం రూపంలోనే తగిలింది. లైసెన్సు నుంచి మినహాయింపు మీద నడుస్తున్న ఈ సంఘాల విషయంలో 2021 మార్చిలో మండలి ఉత్తర్వు ఇస్తూ, చీపురుపల్లి, అనకాపల్లి సంఘాలను తూర్పు డిస్కంకు, కుప్పం సంఘాన్ని దక్షిణ డిస్కంకు అప్పగించమన్నది.

గొడుగు లేకపోతే ఏమవుతుందో మహారాష్ట్రలోని ములా - ప్రవర సంఘం చూపింది. మొదటి అయిదింటిలో అదీ ఒకటి. చక్కెర సహకారానికి పేరుపడిన అహ్మద్‌నగర్ ప్రాంతంలో గొప్పగా నడిచింది. కాని టోకు ధరకూ, రైతుల నుంచి వచ్చే రాబడికీ పొంతన కుదరక బాకీ కొండలా పెరిగింది. బాకీ రెండు వేల కోట్లు దాటిందని అక్కడి విద్యుత్ సంస్థ లెక్క తేల్చగా, సంఘం ఆ లెక్క ఒప్పుకోలేదు. తగవు తెగేలోపే లైసెన్సు గడువు అయిపోయి 2011లో పంపిణీ చేతులు మారింది.

టెక్సాస్‌లో ఒక చలి వారం

మన పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిన టెక్సాస్ రాష్ట్రంలో 2021 ఫిబ్రవరిలో ఎన్నడూ లేని మంచు తుపాను వచ్చింది. బ్రాజోస్ అనే విద్యుత్ సహకార సంఘం కింద పదహారు చిన్న సంఘాలున్నాయి. చలికి గ్యాసు గొట్టాలు బిగిసిపోయి, విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. సభ్యులకు ఇవ్వడానికి బజారులో కొనవలసి వచ్చింది. బజారు ధర యూనిట్‌కు 9 డాలర్లకు, అంటే అప్పటి మారకంలో సుమారు రు. 650కి ఎక్కి కొన్ని రోజులు అక్కడే నిలిచింది. ఆ కొద్ది రోజుల బిల్లు సుమారు 180 కోట్ల డాలర్లు. మార్చి 1న సంఘం దివాలా పిటిషన్ పెట్టింది. దశాబ్దాల పేరున్న సంఘం చివరికి విద్యుత్ ఉత్పత్తి నుంచే తప్పుకున్నది. అదే ఏడాది మే నెలలో, కాలిఫోర్నియాలో ఆరు పట్టణాలు కలిసి పెట్టుకున్న వెస్టర్న్ కమ్యూనిటీ ఎనర్జీ అనే సంస్థ కూడా దివాలా తీసింది. ముందటి ఆగస్టు ఎండల్లో ధరలు ఎగిసినప్పుడు దానికి చాలినంత ముందస్తు ఒప్పందాలూ లేవు, చేతిలో నిల్వా లేదు.

అంత దూరం ఎందుకు? 2022 మార్చిలో మన దేశపు విద్యుత్ ఎక్స్ఛేంజిలో ధర యూనిట్‌కు రు. 20 తాకింది. రేపటికి కావలసిన కరెంటు ఈ రోజు పాటలో కొనుక్కునే సంత అది. కేంద్ర నియంత్రణ మండలి ఏప్రిల్‌లో రు. 12 దాటరాదని కట్టడి చేసింది. మరుసటి ఏడు దానిని రు. 10కి దించింది. ఆ ఏప్రిల్‌లోనే మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

పలాస జీడి వ్యాపారికి తెలిసిన విద్య

ఈ గండం గడవడానికి కొత్త శాస్త్రం అక్కరలేదు. పలాసలో జీడిపిక్క ఆడించే వ్యాపారిని అడగండి. సీజనులో పిక్క బస్తాలు దిగినప్పుడే ఏడాది పనికి సరిపడా చాలావరకు కొని గోదాములో వేస్తాడు. అంతా కొనడు. వడ్డీ ఉంది, తరువాత ధర పడితే నష్టం ఉంది. కొంత విదేశీ పిక్కకు వదులుతాడు. కొద్దిగా చేతి డబ్బు ఉంచుకుంటాడు. కరెంటు కొనేవారు చేయవలసినదీ అంతే. కాకపోతే కరెంటును బస్తాల్లో నింపలేము. కాబట్టి గోదాముకు బదులు ఒప్పందం కావాలి. ఫలానా ధరకు ఇన్నేళ్ళు ఇస్తానని ఉత్పత్తిదారుడి చేత ముందే రాయించుకోవడం అన్నమాట.

అలాగని అంతా దీర్ఘ ఒప్పందాల్లో కట్టేసుకుంటే నిశ్చింత అనుకోరాదు. మన రాష్ట్రం గాలి విద్యుత్తును యూనిట్ రు. 4.84 చొప్పున 25 ఏళ్ళకు కొంటామని రాసుకున్నది. తరువాత దేశంలో గాలి, సౌర విద్యుత్ ధరలు రు. 3 కన్నా దిగువకు పడ్డాయి. 2019లో ప్రభుత్వం ఈ ధరలు తగ్గించాలని కమిటీ వేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2022 మార్చిలో హైకోర్టు, రాసుకున్న ధర ఇవ్వవలసిందేనన్నది. ధర పెరిగినప్పుడు ఒప్పందం మనకు రక్ష. పడిపోయినప్పుడు అదే ఒప్పందం మెడకు ఉచ్చు. అందుకే కొన్ని పాతికేళ్ళకు, కొన్ని అయిదేళ్ళకు, కొన్ని ఒక్క వేసవికి, స్వల్పంగా రోజువారీ సంతలో - ఇలా వంతులు వేసుకోవాలి. ఏ వంతు ఎంత అన్నదే అసలు తెలివి.

మాచ్‌ఖండ్ నీటి కరెంటు 1955 నుంచి మన ఎరుకలోనిదే. బొగ్గు ఖర్చు లేదు, చవక. కాని కొండల్లో వాన పడాలి. పరవాడ సింహాద్రి కేంద్రం బొగ్గు మీద నడుస్తుంది. వానతో పని లేదు, బొగ్గు ధరతో ఉంది. సౌర విద్యుత్ పగలే. ఒకదాని లోటు ఒకటి పూడ్చేలా కలపకపోతే సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సంతకు పరుగెత్తాలి. ఆ వేళే ధర మండుతుంది.

ఇంకొక ప్రమాదం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ధర పెరగడం ఒక్కటే కాదు, వాడకం తగ్గినా నష్టమే. పెద్ద ఒప్పందాల్లో స్థిర చార్జీలుంటాయి. పంట పండినా ఎండినా కౌలు గింజలు కొలిచినట్టు, కరెంటు తీసుకున్నా మానినా అవి కట్టాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్ద తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు వేలల్లో కూలాయి. ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అమ్మకం లేదు, రాబడి లేదు. కొత్త స్తంభాల ఖర్చు మాత్రం పైన పడింది. డిస్కం పెద్ద సంస్థ గనుక విశాఖ రాబడి చూసుకుని నిలిచింది. నాలుగు మండలాల సంఘానికి అదే దెబ్బ తగిలి ఉంటే? సముద్రం పక్కన ఉన్న జిల్లాల్లో సంఘం పెట్టుకునేవారు రెండు మూడు నెలల ఖర్చుకు సరిపడా నిధి విడిగా దాచకుండా పెట్టుకోరాదని ఈ విలేఖరి అభిప్రాయం. ఆ నిధిని టోకు ధర కట్టేటప్పుడు మిగులుగా లెక్కించరాదని కూడా ఒప్పందంలోనే రాయించుకోవాలి.

డిస్కం వంతు

డిస్కం ఈ భారాన్ని తన నెత్తిన ఉంచుకోవడం లేదు. ఏడాది మొదట కొనుగోలు ధర అంచనా వేస్తారు. అసలు ఖర్చు దానిని మించితే, తేడా మండలి అనుమతితో మన బిల్లుల్లోకి వస్తుంది. 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు నెలనెలా వసూలు చేసుకునే వీలు కూడా కల్పించారు. రాష్ట్రం మొత్తానికి 2022-23 కొనుగోళ్ళ తేడా కింద సుమారు రు. 6,073 కోట్లు, 2023-24 కింద సుమారు రు. 9,412 కోట్లు మండలి ఒప్పుకోగా, 2024 డిసెంబరు నుంచి వసూలు మొదలైంది. రశీదు ఉన్నా బాకీ ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఇదే. 2024-25లో మాత్రం నెలనెలా వసూలు చేసిన మొత్తం మండలి ఒప్పుకున్న తేడాను మించింది. మండలి సుమారు రు. 923 కోట్లు తిరిగి ఇవ్వాలని, 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసల చొప్పున తగ్గించాలని చెప్పింది. తేడా రెండు వైపులా తూగుతుందన్నమాట. వసూలైనప్పుడు వినిపించినంత గట్టిగా తగ్గింపు ఊళ్ళలో వినిపించలేదు.

ఇందులో న్యాయం ఎంత? బొగ్గు ధర నిజంగా పెరిగితే ఎవరో ఒకరు భరించాల్సిందే. కాని నష్టమంతా తరువాత వినియోగదారుడి దగ్గర రాబట్టుకోవచ్చని తెలిసిన కొనుగోలుదారు బేరం గట్టిగా ఆడతాడా? రెండేళ్ళు ఆలస్యంగా వచ్చే బాకీ మరొక అన్యాయం కూడా చేస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో అద్దెకున్నవాడు వెళ్ళిపోయి ఉంటాడు. అతడు కాల్చినదానికి కొత్తగా దిగినవాడు కడతాడు. చీపురుపల్లి సంఘంలో సభ్యుడికి కనీసం సమావేశంలో లేచి నిలబడే హక్కుండేది.

డిస్కం విషయంలో ఆ హక్కు మరొక చోట ఉన్నది. ఏటా నవంబరు ఆఖరుకు డిస్కంలు వచ్చే ఏడాది ఖర్చుల అంచనాను మండలికి సమర్పిస్తాయి. మండలి అభ్యంతరాలు పిలిచి బహిరంగ విచారణ జరుపుతుంది. మన జిల్లాల నుంచి వెళ్ళేవారు చార్జీలు పెంచవద్దని మాత్రమే చెప్పి వస్తున్నారు. ఆ అంచనాలో సంతలో కొనబోయే కరెంటు ఎంత, దానికి ఏ ధర వేశారు, పోయిన ఏడు వేసిన ధరకూ అసలు కొన్న ధరకూ తేడా ఎంత అన్న మూడు అంకెలు అడిగితే జవాబు చెప్పక తప్పదు. అభ్యంతరం తెల్లకాగితం మీద రాసి, ఒక ప్రతి డిస్కంకు, ఒక ప్రతి మండలికి పంపవచ్చు. వకీలు అవసరం లేదు.