చంటిబిడ్డతో దూర ప్రయాణమా? ముందు బిడ్డనే అడగండి

వేసవి సెలవులు దగ్గరపడగానే మన కాలనీల్లో ఒకటే మాట. ఎల్‌టీసీ ఎప్పుడు పెట్టాలి, లీవు ఎన్ని రోజులు దొరుకుతుంది, వేళాంకణ్ణి పోదామా, ఊటీ పోదామా, గోవా చూసి వద్దామా అని. ఇది మంచిదే. మూడు షిఫ్టుల మధ్య తిరిగే తండ్రికీ, నైట్ షిఫ్టు దిగి ఆయన పడుకున్నప్పుడు పిల్లల్ని సద్దు చేయనివ్వకుండా కాపలా కాసే తల్లికీ ఏడాదికోసారి పది రోజులు కలిసి గడపడం అవసరం. దాన్ని విలాసం అనలేం.

అయితే ఇంట్లో చంటిబిడ్డ ఉన్నప్పుడు ఈ లెక్కలన్నిటిలో ఒకరి మాట మాత్రం ఎవరికీ వినిపించదు. లీవు తండ్రిది, సెలవులు పెద్ద పిల్లలవి, మొక్కు నానమ్మది. మరి చంటిబిడ్డ మాటేమిటి? బిడ్డ నోటితో చెప్పదు. బిడ్డ వయసు, బిడ్డ తాగే పాలు, బిడ్డ టీకా కార్డు, బయట కాసే ఎండ, ఈ నాలుగే బిడ్డ తరఫున జవాబు చెబుతాయి. ఆ జవాబు విన్నాకే టికెట్లు తీయాలన్నది మా అభిప్రాయం.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఆదికాండము 33వ అధ్యాయం గుర్తు చేసుకోండి. ఏళ్ల తరువాత కలిసిన అన్న ఏశావు, కలిసి పోదాం రమ్మని యాకోబును పిలిచాడు. యాకోబు మర్యాదగానే వద్దన్నాడు. తన పిల్లలు పసివాళ్లనీ, మందలో పాలిచ్చే పశువులున్నాయనీ, ఒక్కరోజు తొందరపెట్టి తోలినా మంద చచ్చిపోతుందనీ చెప్పాడు. పిల్లలు ఎంత మెల్లగా నడిస్తే తానూ అంత మెల్లగా వస్తానన్నాడు. ఇంటి పెద్ద తన వేగాన్ని తగ్గించుకుని పసివాళ్ల వేగానికి దిగిరావడం అసమర్థత కాదు, బాధ్యత.

మన దగ్గర చాలామంది పోయే వేళాంకణ్ణినే ఉదాహరణగా తీసుకుందాం. మంచిర్యాల నుంచి చెన్నై, అక్కడి నుంచి నాగపట్నం జిల్లాలోని ఆ సముద్రతీరం. మొత్తం వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం. ఇంటి గడప దాటింది మొదలు అక్కడ గదిలో బిడ్డను పడుకోబెట్టేదాకా సుమారుగా ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. ఎప్పుడు పోవాలి? మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కావు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఎండలో మన ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చోవడమే పసిబిడ్డకు పరీక్ష. ఆగస్టు 29న జెండా ఎగిరింది మొదలు సెప్టెంబరు 8 పండుగ దాకా అక్కడ కాలు పెట్టే చోటుండదు. నవంబరు, డిసెంబరు మనకు చలికాలం. తమిళనాడు తీరానికి మాత్రం అది వానలు, తుఫాన్ల కాలం. 2018 నవంబరులో గజ తుఫాను నాగపట్నం జిల్లానే తాకింది. ఇక మిగిలింది జనవరి, ఫిబ్రవరి. సంక్రాంతి సెలవులకు రెండు మూడు రోజుల లీవు కలుపుకుంటే పెద్ద పిల్లల చదువూ పోదు, చంటిబిడ్డా వాడిపోదు.

బిడ్డ మరీ చిన్నదైతే ఆ ఏడాదికి విజయవాడ గుణదల చాలు. దూరం సుమారు 300 కిలోమీటర్లు. ఒక పగటి ప్రయాణం. అదీ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల ఉత్సవం జనంలో కాకుండా, ఆ రద్దీ తగ్గాక. వేళాంకణ్ణికి మరుసటి ఏడు పోవచ్చు. మొక్కుకు గడువు తేదీ ఉండదు.

ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్ల మాట ఒకటి వస్తుంది. "మేము పురిటి పిల్లల్ని చంకనేసుకుని ఎడ్లబండ్లమీద జాతరలకు పోలేదా? మీకేమైంది?" అని. వాళ్ల అనుభవాన్ని తీసిపారేయకూడదు. కానీ ఒక మాట. తిరిగొచ్చిన పిల్లల కథలే మనం వింటాం, రానివాళ్ల కథ ఎవరూ చెప్పరు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2023 నాటికి ఆ సంఖ్య 25కు దిగింది. టీకాలు, శుభ్రమైన నీళ్లు, ఆసుపత్రి కాన్పులు, తల్లిపాలు, ఓఆర్ఎస్ వంటివన్నీ కలిసి తెచ్చిన మార్పు ఇది. ఆ జాగ్రత్తల్ని ఇంట్లో పాటించి రైలెక్కగానే వదిలేయడం ఏం తెలివి?

ఏ వయసు బిడ్డతో పోవచ్చు? మూడు నెలల్లోపు బిడ్డను తప్పనిసరి పనికి తప్ప దూరం తీసుకుపోవద్దు. ఆ వయసులో జ్వరం 100.4 డిగ్రీలు తాకితే వెంటనే ఆసుపత్రి కావాలి, రైల్లో అది దొరకదు. చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, తల్లిపాలు మాత్రమే తాగే నాలుగైదు నెలల బిడ్డతో ప్రయాణం ఏడాది బిడ్డతో కంటే తేలిక. ఆ బిడ్డకు అన్నం డబ్బా అక్కర్లేదు, నీళ్ల సీసా అక్కర్లేదు, వేడినీళ్లూ అక్కర్లేదు. అసలు కష్టం పాకడం నేర్చిన దగ్గర మొదలవుతుంది. ఏడెనిమిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. రైలుపెట్టె నేల మీద ఏముంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఎండలో బిడ్డ గొంతు ఎండిపోతుందని చెంచాతో నీళ్లు పట్టడం మన ఇళ్లలో మామూలు. ఆరు నెలల్లోపు బిడ్డకు మండువేసవిలో కూడా నీళ్లు అక్కర్లేదు. తల్లిపాలలో సుమారు 88 శాతం నీళ్లే. బిడ్డకు దాహమైతే మరోసారి పాలివ్వండి, నీళ్లు తల్లి తాగాలి. ప్రయాణంలో పాలసీసా మొదలుపెట్టడం ఇంకా పెద్ద తప్పు. రైల్లో దాన్ని కడిగి మరిగించడం కుదరదు. పాలడబ్బాలకూ పాలసీసాలకూ ప్రకటనలు చేయకూడదని 1992లో చట్టమే వచ్చింది. నలుగురిలో పాలివ్వడానికి తల్లి బిడియపడితే ఒక పలచని దుప్పటి అడ్డం కట్టండి, మగవాళ్లు కాసేపు లేచి అవతల కూర్చోండి. ఇంతకంటే మంచి సాయం లేదు.

ఆరు నెలలు దాటిన బిడ్డకు పొద్దున వండిన అన్నం పప్పు డబ్బాలో పెట్టి సాయంత్రం తినిపించవద్దు. ఎండాకాలంలో అది నాలుగు గంటలు కూడా ఆగదు. వేయించి దంచిన ఉగ్గుపొడి, అంగన్‌వాడీ బాలామృతం, అరటిపండు చాలు. ఫ్లాస్కులో మరిగించిన నీళ్లు తీసుకెళ్లి, కావలసినంత అప్పటికప్పుడు కలపండి. మిగిలింది పారేయండి. తినిపించేవాళ్లు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఎంత జాగ్రత్తపడినా విరేచనాలు పట్టుకోవచ్చు. అందుకే సంచిలో అన్నిటికంటే ముందు పెట్టాల్సింది ఓఆర్ఎస్ పొట్లాలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బెంగాల్లోని బన్‌గావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన ఈ నీళ్లే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతంలోపుకు దిగాయి. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. సగం పొట్లం, సగం లీటరు లెక్కలు వద్దు. రెండేళ్లలోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ పావుకప్పు నుంచి అరకప్పు దాకా చెంచాతో పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. డాక్టరు చెప్పిన మోతాదులో జింకు 14 రోజులు వేయండి. 24 గంటలు దాటితే కలిపిన నీళ్లు పారబోయండి.

ఓఆర్ఎస్ అని అడిగి, దుకాణదారు ఇచ్చిన తియ్యటి పండ్లరసం డబ్బా తెచ్చుకోవద్దు. ఎక్కువ చక్కెర విరేచనాలను పెంచుతుంది. ఇలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడటం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ వాడకాన్ని నిషేధించింది. అయినా డబ్బా మీద రాసింది చదివి కొనడం మన పని.

టీకా కార్డు చూసుకోండి. 6, 10, 14 వారాల టీకాలు, 9 నెలల తట్టు రుబెల్లా టీకా, ఇవి ప్రయాణం కోసం వాయిదా వేసేవి కావు. టీకా వేసిన ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు కాబట్టి, మూడు నాలుగు రోజులు ఆగి బయలుదేరండి. తట్టు టీకా పడని బిడ్డను ఉత్సవాల జనంలోకి తీసుకుపోకపోవడమే మేలు. రైల్లో ఏడవకుండా నిద్రపోతుందని దగ్గుమందు పట్టే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణాంతకం కావచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ మరోసారి హెచ్చరించింది.

రైలు సంగతి. అయిదేళ్లలోపు బిడ్డకు టికెట్ అక్కర్లేదు. అంటే బెర్తు కూడా ఉండదన్నమాట. ఒక్క బెర్తు మీద తల్లీబిడ్డా సర్దుకోవాలి. 2022 మే నెలలో లక్నో మెయిల్‌లో తల్లి బెర్తుకు చిన్న బేబీ బెర్తు బిగించి చూశారు. మన రైళ్లలో అలాంటిది వచ్చేదాకా ఆగలేం కదా. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. మొదటి రోజే కింది బెర్తు అడగండి. గోడవైపు బిడ్డ, బయటివైపు తల్లి పడుకోవాలి. ఎండాకాలంలో పోక తప్పకపోతే రెండు ఊళ్లు తగ్గించుకుని, ఆ డబ్బుతో ఏసీ టికెట్ తీయండి. చూడాల్సినవాటి చిట్టాలో కోత పడినా ఫరవాలేదు.

కారులో పోయేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మూడో షిఫ్టు దిగి, స్నానం చేసి, అలాగే స్టీరింగు పట్టుకుని రాజీవ్ రహదారి ఎక్కవద్దు. నిద్రలేని కళ్లు మిమ్మల్ని అడగకుండానే మూతపడతాయి. ఒక పూట పడుకుని బయలుదేరితే యాత్ర ఏమీ చెడదు. బిడ్డను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవద్దు. బండి దేన్నయినా గుద్దుకుంటే ఎంత బలమైన చేతులైనా బిడ్డను ఆపలేవు, పెద్దల్ని కాపాడే ఎయిర్‌బ్యాగే బిడ్డకు దెబ్బ అవుతుంది. వెనకసీట్లో, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటే చంటిబిడ్డకు క్షేమం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పిల్లలకు బెల్టు గానీ ప్రత్యేక సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది.

ఈ గుర్తులు కనిపిస్తే ప్రయాణం అక్కడే ఆపాలి: బిడ్డ పాలు పట్టుకోకపోవడం, మత్తుగా సోలిపోవడం, ఏడెనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోవడం, మాడు గుంటపడటం, ఫిట్స్, మలంలో రక్తం, ఆయాసం. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే అది ఆయాసమే. రైల్లో ఉంటే 139కి ఫోన్ చేయండి. రోడ్డు మీదైతే 108, ఆ నంబరు మనకూ, తమిళనాడులోనూ పనిచేస్తుంది. టీకా కార్డు నకలు పర్సులో ఉంచుకోండి. తిరుగు టికెట్ పోతుందని ఆగవద్దు. టికెట్ మళ్లీ కొనుక్కోవచ్చు.

చివరిగా ఇంటి యజమానులకూ అత్తమామలకూ ఒక విన్నపం. యాత్ర నిర్ణయమయ్యాక కోడలికి చెప్పడం కాదు, నిర్ణయించే ముందే ఆమెను అడగండి. రాత్రి ఎన్నిసార్లు బిడ్డ లేస్తుందో, ఏ పూట పాలు తాగదో, ఎప్పుడు ఒళ్లు వెచ్చబడుతుందో ఆమెకే తెలుసు. ఆమె "ఇప్పుడు వద్దు" అంటే అది బిడ్డ చెప్పిన మాటగానే వినండి. ఆమె "పోదాం" అంటే సామాన్లు మీరు మోయండి, బిడ్డను ఆమె మోస్తుంది. మధ్యమధ్య ఆ బరువూ మీరే అందుకోండి.