గైడులో లేని వాన

ఎవరేమనుకున్నా సరే, గైడు చూసి రాసింది వ్యాసం కాదండీ!

మా బత్తలపల్లెలో మనవరాలు ‘వర్షాకాలం’ మీద రాసుకొచ్చింది. నదులు పొంగాయట, కప్పలు బెకబెకమన్నాయట! ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే కురిసే అనంతపురం సీమలో!

“ఎక్కడ చూస్తివే?” అంటే, “గైడులో ఉందవ్వా, అట్ల రాస్తేనే మార్కులు” అంది.

“పోయినేడాది చెనిక్కాయకు ఊడలు దిగే వేళ వాన మొగం చాటేసిందే, అప్పుడు మీ తాత ఏం చేసినాడో రాయి” అన్నాను.

“మోడం దిక్కు చూళ్లేదవ్వా. చేను దిక్కే చూస్తా కూచున్నాడు.”

అదీ వ్యాసమంటే! ఆ మాట ఏ గైడులో ఉంది?

తప్పు పిల్లలది కాదు. చూడనిది రాస్తే మెచ్చుకుని, చూసింది రాస్తే ఎర్రసిరాతో కొట్టేసే పెద్దలది. అమ్మలూ, ముందు ఆ గైడు అటక మీద పడేయండి. మార్కులు తగ్గితే నన్ను తిట్టండి.