బ్యాటరీ అయిపోతే ఎవరు మారుస్తారు?

ముంబైలోని కామాఠిపురకు ఆ పేరు మనవాళ్ల వల్లే వచ్చింది. తెలుగు ప్రాంతాల నుంచి వలస వచ్చి కట్టడాల పని చేసిన కామాఠీలు అక్కడ స్థిరపడ్డారు. తర్వాత బట్టల మిల్లుల్లో పనికోసం పద్మశాలీలు వర్లీ, పరేల్ చాళ్లకు చేరారు. రాళ్లు మోసినా, మగ్గం నడిపినా, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టినా వీళ్లకున్న ఆస్తి చేతులే. ఆ చేతులే వణకడం మొదలైతే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది?

మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల పార్కిన్సన్స్ వ్యాధి వస్తుంది. చేయి వణుకుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, అడుగు చిన్నదవుతుంది. చాళ్లలో దీన్ని ముసలితనమంటారు, తాగుడంటారు, గాలి సోకిందంటారు. పాపఫలమనేవారూ మన సంఘాల్లో లేకపోలేదు. ఆ మాటల మధ్య రోగికి ఏళ్లు గడిచిపోతాయి. ఇరుకు దారిలో, గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం ఈ జబ్బు లక్షణం. నిటారు మెట్లు, వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు ఉన్న చాల్‌లో అలాంటి మనిషి బతుకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

దీనికి మొదటి మందు లెవోడోపా. కొన్నేళ్లకు మందు ప్రభావం మధ్యమధ్యలో తగ్గిపోతూ, అదుపులేని కదలికలు మొదలైనవారిలో కొందరికి డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ మేలు చేస్తుంది. మెదడు లోపలికి సన్నని తీగలు దించి, ఛాతీ చర్మం కింద అమర్చిన బ్యాటరీతో విద్యుత్తు పంపే పద్ధతి ఇది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో డాక్టర్ బెనాబిద్ దీనికి దారి చూపారు. ఇది జబ్బును నయం చేయదు, అందరికీ పనికిరాదు. సరిపడినవారికి మాత్రం వణుకు, బిగుసుకుపోవడం బాగా తగ్గుతాయి.

కామాఠిపురకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, పెద్దర్ రోడ్డులోని జస్‌లోక్ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ రెండు దశాబ్దాలకు పైగా జరుగుతోంది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తున్నారు. కానీ ఖర్చు లక్షల్లో ఉంటుంది. పైగా అది ఒక్కసారితో తీరదు. మామూలు బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది, తర్వాత కొత్తది పెట్టాలి. విద్యుత్తు మోతాదు సరిచేయించుకోవడానికి పదేపదే వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ ఒకరి కూలి పోతుంది. మొదటిసారి ఊళ్లో ఉన్న ఎకరం అమ్మినవాళ్లు రెండోసారి ఏం అమ్ముతారు?

మునిసిపల్ డిస్పెన్సరీల్లో మామూలు వైద్యమే అంతంతమాత్రంగా ఉంటే పేదలకు ఇంత ఖరీదైన చికిత్స గురించి మాటలెందుకని కొందరు అడగవచ్చు. గుండెలో వేసే స్టెంట్ గురించీ ఒకప్పుడు అలాగే అన్నారు. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం దాని ధరకు పరిమితి పెట్టింది. లక్ష దాటిన స్టెంట్ సుమారు 30 వేలకు దిగింది. అదే ఏడాది మోకాలి చిప్పల ధరలూ తగ్గించారు. మెదడులో పెట్టే తీగకూ, దాని బ్యాటరీకీ అదే న్యాయం ఎందుకు వర్తించకూడదు?

బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లు పడి ఉన్న మనిషికి రోగంతోపాటు మరో బాధ కూడా ఉంది. నీళ్లు కదిలినప్పుడు అతన్ని దించేవారు లేరు. ముందు దిగగలిగినవారికే స్వస్థత దక్కేది. నేటి వైద్యమూ అలాగే ఉంది.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. వణుకుతో వచ్చినవారిని డిస్పెన్సరీలోనే గుర్తించి కేఈఎం, నాయర్, జేజే ఆసుపత్రుల నరాల విభాగాలకు పంపాలి. లెవోడోపా జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది కనుక ఏ నెలా కొరత లేకుండా ఉచితంగా ఇవ్వాలి. పరికరం ధరకు హద్దు పెట్టాలి. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆపరేషన్‌తో ఆగకుండా బ్యాటరీ మార్పిడినీ భరించాలి.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ పేరు స్పష్టంగా ఉంది. ఆ గుర్తింపు కార్డు కోసం దరఖాస్తు రాయడానికి చదువుకున్న మన యువత సాయపడాలి. ఆదివారం ఇళ్లకు ప్రార్థనకు వెళ్లేవారు వణికే చేతిని చూస్తే ప్రార్థన చేసి వచ్చేయకండి. సోమవారం ఆ మనిషిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.