లాకప్ కాదు, ఆస్పత్రి

నడిరోడ్డు మీద ఒక మనిషి మతి చెదిరి బండ్లకు అడ్డం పడుతుంటే మనం 112కి ఫోన్ చేస్తాం. వచ్చేది కానిస్టేబుల్, డాక్టరు కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నూరో సెక్షన్ మాత్రం అతని పనిని స్పష్టంగానే చెప్పింది: ఆ మనిషిని రక్షణలోకి తీసుకోవాలి, ఎందుకో అతనికి చెప్పాలి, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లూవాకిలీ లేనివారైతే అయినవాళ్లను వెతకాల్సిందీ స్టేషనే. కాగితం మీద ఇంత దయ ఉన్న చట్టాలు తక్కువే! మరి అర్ధరాత్రి మండల కేంద్రంలో మానసిక వైద్యుడెక్కడ? ఎర్రగడ్డలోనో విశాఖలోనో ఉన్న మానసిక ఆస్పత్రికి జీపు కదలాలంటే డీజిల్ ఎవరు పోయిస్తారు?

అమెరికాలోని మెంఫిస్ పోలీసులు 1987లో ఇలా మతి చెదిరిన ఒక యువకుణ్ణి కాల్చి చంపారు. మరుసటి ఏడాదే అక్కడ 40 గంటల ప్రత్యేక శిక్షణ మొదలైంది. అందులో నేర్పేవాటిలో కొన్ని గొంతు తగ్గించడం, దూరంగా నిలబడటం, తొందరపడకపోవడం. వీటికి డీజిల్ అక్కర్లేదు.