మంచం పట్టి, కలం పట్టి

1970లో ఓ ఉదయం బరువులెత్తుతుంటే బ్రూస్ లీ నడుము దెబ్బతింది. ఇక మునుపటిలా కాలెత్తి తన్నలేవన్నారు వైద్యులు. నెలల తరబడి మంచం పట్టిన ఆయన ఊరికే ఉండలేదు, కలం పట్టాడు. అడుగు ఎలా వేయాలి, దెబ్బ ఎప్పుడు తీయాలి అంటూ తన విద్యనంతా కాగితాల మీద పెట్టాడు. మరుసటి ఏడాదే ‘ది బిగ్ బాస్’తో హాంకాంగ్ థియేటర్లను ఊపేశాడు.

1973 జూలై 20న, 32 ఏళ్లకే కన్నుమూశాడు. ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదలను చూడనేలేదు.

తెరమీద తన్ను రెప్పపాటులో అయిపోతుంది. దాని వెనకున్న ఏళ్ల సాధనను, చెమటను ఈ సంచికలో తీరిగ్గా చూద్దాం. గోదా నుంచి వెండితెరకు నడిచినవాళ్ల కథలివి. చదివి, మీ మాట రాయండి.

— సంపాదకుడు